చిరాగ్‌పల్లి సరిహద్దు: సరుకుకో దారి, మనిషికో దారి

పటాన్‌చెరులో లోడైన లారీ ఒకటి ముంబై బయలుదేరిందనుకుందాం. 65వ నంబరు జాతీయ రహదారి మీద సంగారెడ్డి, సదాశివపేట, జహీరాబాద్ దాటి చిరాగ్‌పల్లి దగ్గర కర్ణాటకలోకి వెళ్తుంది. పదేళ్ల కిందటైతే ఇక్కడ ఆగాల్సిందే. డ్రైవరు కాగితాల కట్ట పట్టుకుని కిటికీ ముందు వరుసలో నిలబడేవాడు. వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు 2017లో పోయాయి. రవాణా శాఖ చెక్‌పోస్టులను తెలంగాణ ప్రభుత్వం 2025 అక్టోబరులో మూసేసింది. ఆ మరుసటి నెలలో, నవంబరు 21న, కేంద్రం నాలుగు కార్మిక స్మృతులను (పాత కార్మిక చట్టాలను కలిపి రాసిన కొత్త చట్టాలు) అమల్లోకి తెచ్చింది. వాటిలో ఒకటి వలస కూలీల చట్టాన్ని మార్చింది.

చెక్‌పోస్టులు పోవడం సరుకు సంగతి, స్మృతులు రావడం మనిషి సంగతి. సరిహద్దు దాటే స్వేచ్ఛ అంటే చట్టంలో ఏమిటో తెలుసుకోవాలంటే ఈ రెండింటినీ కలిపి చదవాలి.

ఈ గీత ఎప్పటిది?

చిరాగ్‌పల్లి దగ్గరి గీత పాతదేమీ కాదు. 1956 నవంబరు 1కి ముందు జహీరాబాద్ తాలూకా బీదర్ జిల్లాలోనే ఉండేది. బీదర్, సంగారెడ్డి రెండూ హైదరాబాద్ రాష్ట్రంలోవే. నిజాం పాలనలో సరుకు మీద సుంకం వసూలు చేసిన శాఖకు కరోడ్‌గిరి అని పేరు. దాని నాకాలు (తనిఖీ గేట్లు) ఇక్కడ కాదు, సంస్థానం పొలిమేరల్లో ఉండేవి. రాష్ట్రాల పునర్విభజనలో బీదర్ మైసూరు రాష్ట్రానికి (ఇప్పటి కర్ణాటక), జహీరాబాద్ ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాక ఇక్కడ కొత్త సరిహద్దు పుట్టింది.

రాజ్యాంగం వచ్చాక కూడా హైదరాబాద్ వంటి పూర్వ సంస్థానాలు కేంద్రంతో ఒప్పందం చేసుకుని ఇలాంటి సుంకాలను కొంతకాలం కొనసాగించుకునేందుకు 306వ అధికరణం వీలిచ్చింది. 1956లో ఏడో సవరణ దాన్ని తీసేసింది.

రాజ్యాంగం ఏం చెబుతోంది?

దేశమంతటా వ్యాపారం, వాణిజ్యం, రాకపోకలు స్వేచ్ఛగా సాగాలని 301వ అధికరణం చెబుతుంది. అయితే ఈ స్వేచ్ఛకు హద్దులున్నాయి. ప్రజాప్రయోజనం కోసం పార్లమెంటు ఆంక్ష పెట్టవచ్చు. రాష్ట్రం కూడా పెట్టవచ్చు. కానీ ఆ ఆంక్ష సమంజసంగా ఉండాలి, బిల్లుకు ముందుగా రాష్ట్రపతి అనుమతి కావాలి. ఇక పన్ను విషయంలో 304వ అధికరణం సూత్రం ఒక్కటే: బయటి నుంచి వచ్చిన సరుకుకు, సొంత రాష్ట్రంలో తయారైన సరుకుకు మధ్య వివక్ష చూపకూడదు. జిందాల్ స్టెయిన్‌లెస్ కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం 2016 నవంబరులో దీన్నే ఖాయం చేసింది. పన్ను వేయడం స్వేచ్ఛకు అడ్డు కాదు, వివక్షతో వేయడమే అడ్డు అని ఆ తీర్పు సారాంశం.

మనుషుల సంగతి 19వ అధికరణంలో ఉంది. దేశంలో ఎక్కడికైనా వెళ్లడం, ఎక్కడైనా స్థిరపడటం, ఏ వృత్తైనా చేయడం పౌరుడి హక్కులు. ఇక్కడా సమంజసమైన ఆంక్షలకు చోటుంది.

కాబట్టి ఈ అధికరణాలు చదివేవారు ఏ కేసు ముందుకొచ్చినా మూడు ప్రశ్నలు వేసుకుంటే చాలు. గేటు పెట్టింది ఎవరు? ఎందుకు పెట్టారు? బయటివాళ్లకొక రకంగా, ఇక్కడివాళ్లకొక రకంగా చూశారా?

సరుకు ఎలా దాటుతోంది?

జీఎస్టీకి ముందు ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి అమ్మిన సరుకు మీద కేంద్ర అమ్మకపు పన్ను ఉండేది. కొన్న వ్యాపారి సి-ఫారం ఇస్తే 2 శాతం, లేకపోతే ఎక్కువ. ఆ పన్ను సరుకు బయలుదేరిన రాష్ట్రానికే దక్కేది. కొన్నిచోట్ల ప్రవేశ పన్ను అదనం. ఇవన్నీ సరిచూడటానికే సరిహద్దులో గేటు అవసరమైంది.

2017 జులై 1న జీఎస్టీ రావడంతో లెక్క తిరగబడింది. రాష్ట్రాల మధ్య సరుకు కదిలితే ఐజీఎస్టీ (కేంద్రం వసూలు చేసి, తర్వాత పంచే పన్ను) పడుతుంది. రాష్ట్రం వాటా సరుకు వినియోగమైన చోటికి వెళ్తుంది. పటాన్‌చెరులో తయారైన మందుబిళ్ల పుణేలో అమ్ముడైతే ఆ వాటా మహారాష్ట్రది. అక్కడి వ్యాపారి ముందే కట్టిన పన్నును తన పన్నులో తగ్గించుకోవచ్చు. లెక్కంతా కంప్యూటర్లో తేలుతుంది కాబట్టి రోడ్డు మీద గేటుతో పని లేదు.

అలాగని నిఘా పోలేదు, చోటు మార్చుకుంది. 2018 ఏప్రిల్ 1 నుంచి రాష్ట్రం దాటే సరుకు విలువ 50,000 రూపాయలు మించితే ఈ-వే బిల్లు (ఏ సరుకు, ఎవరిది, ఏ బండిలో, ఎక్కడికి అని ముందే నమోదు చేసే పత్రం) ఉండాలి. మామూలు లోడుకు 200 కిలోమీటర్లకు ఒక రోజు చొప్పున గడువు. తనిఖీ బృందం దారిలో ఎక్కడైనా ఆపి ఆ నంబరు చూడవచ్చు. పెట్రోలు, డీజిలు, మద్యం మాత్రం ఇప్పటికీ జీఎస్టీ బయటే ఉన్నాయి. అందుకే ఒక్కో రాష్ట్రంలో ఒక్కో ధర.

మనిషి ఎలా దాటుతున్నాడు?

పటాన్‌చెరు పారిశ్రామికవాడ చుట్టూ ఉన్న పాశమైలారం, బొల్లారం, ఇస్నాపూర్ గదుల్లో ఒడియా, హిందీ, బెంగాలీ మాటలు రోజూ వినిపిస్తాయి. బిహార్ నుంచి వచ్చిన కూలీని సరిహద్దులో ఎవరూ ఆపరు. ఆ స్వేచ్ఛ ఎంత గట్టిదో 2020లో తేలింది.

మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. మార్చి 29న కేంద్రం రాష్ట్రాల, జిల్లాల సరిహద్దులు మూయమంది. సరుకు రవాణాను మాత్రం వదలమంది. విపత్తు నిర్వహణ చట్టం-2005 కింద వచ్చిన ఆదేశాలవి. అంటే ఆ రోజుల్లో జహీరాబాద్ రోడ్డు మీద లారీకి దారి ఉంది, కూలీకి లేదు. ఏప్రిల్ 29న సంగారెడ్డి దగ్గర కందిలో, ఐఐటీ ప్రాంగణంలో కట్టడం పనులు చేస్తున్న కూలీలు ఊళ్లకు పంపమని ఆందోళనకు దిగారు. మే 1 తెల్లవారుజామున లింగంపల్లి నుంచి సుమారు 1,200 మందితో ఝార్ఖండ్‌లోని హటియాకు రైలు కదిలింది. దేశంలో వలస కార్మికుల కోసం నడిచిన మొదటి ప్రత్యేక రైలు అదే.

మహమ్మారి వేళ ఆంక్ష పెట్టడం రాజ్యాంగ విరుద్ధమని అనలేం. కానీ ఆగిపోయినవాడి లెక్క ఎవరి దగ్గరా సరిగా లేదు. ఎందుకు? 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం కాంట్రాక్టరు వేరే రాష్ట్రం నుంచి తీసుకొచ్చిన కూలీకే వర్తించేది. ఫొటో ఉన్న పాసుపుస్తకం, స్థానభ్రంశ భత్యం, దారి ఖర్చు అతనికే. తెలిసినవాడు ఫోను చేస్తే తనంతట తాను రైలెక్కి వచ్చినవాడు ఆ నిర్వచనంలోకి రాలేదు.

మొదట చెప్పిన నాలుగు స్మృతుల్లో ఒకటైన వృత్తి భద్రత, ఆరోగ్య స్మృతి ఈ కంతను పూడ్చింది. నెల వేతనం 18,000 రూపాయలు దాటకపోతే తనంతట తాను వచ్చినవాడూ వలస కార్మికుడే. ఏడాదికోసారి సొంతూరికి వెళ్లిరావడానికి యజమాని ప్రయాణ భత్యం ఇవ్వాలి. దాని షరతులు ప్రభుత్వం నిర్ణయిస్తుంది. ప్రతి ఉద్యోగికీ నియామక పత్రం ఇవ్వాలి.

మరోపక్క ‘ఉద్యోగాలు స్థానికులకే’ అనే వాదన ఉంది. అందులోని ఆవేదన నిజమే: కాలుష్యం ఊరికి, కొలువు బయటివాడికా? కానీ ప్రైవేటు కొలువుల్లో 75 శాతం స్థానికులకు కేటాయించిన హర్యానా చట్టాన్ని అక్కడి హైకోర్టు 2023 నవంబరులో కొట్టేసింది. తెలంగాణ 2020లో చట్టం జోలికి పోకుండా, స్థానికులను తీసుకునే పరిశ్రమలకు రాయితీలిచ్చే దారి పట్టింది.

హక్కు వెంట రావడం

ఐరోపా దేశాలు 1957 రోమ్ ఒప్పందంతో సరుకుకూ, మనిషికీ సరిహద్దులు తెరిచే దారి పట్టాయి. ఇటలీలో పదేళ్లు, జర్మనీలో ఇరవై ఏళ్లు పనిచేసినవాడికి పింఛను అర్హత లెక్కలో రెండూ కలుస్తాయి. గేటు తీసేయడంతో సరిపోదు, మనిషి వెంట అతని హక్కూ రావాలన్నది అక్కడి పాఠం.

మన దగ్గరా కొన్ని వస్తున్నాయి. ఒక రాష్ట్రం కార్డుతో మరో రాష్ట్రంలో రేషన్ తీసుకునే పద్ధతి 2019 ఆగస్టులో మొదలైన జంటల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒకటి. యజమాని మారినా భవిష్యనిధి ఖాతా ఒకే నంబరు కింద కొనసాగే ఏర్పాటు 2014లో వచ్చింది.

లారీ డ్రైవరును అడిగితే ఈ-వే బిల్లు నంబరు వెంటనే చూపిస్తాడు. అది లేకుండా యజమాని బండి కదలనివ్వడు. అదే యజమాని షెడ్డులో పనిచేసే ఒడిశా కూలీని నియామక పత్రం చూపించమంటే ఏం చూపిస్తాడు? ఈ పారిశ్రామికవాడలో పదిమందికి పనిచ్చే ప్రతివారూ ఒకసారి తమ రిజిస్టరు తీసి చూసుకోవాలి. ఆ కాగితం ఇవ్వకపోయి ఉంటే, ఇవ్వాలి. చట్టం ఇప్పుడు అడుగుతున్నది అదే.