మగ్గముపై పన్ను, మిగులుపై పన్ను

1852లో మదరాసు నేటివ్ అసోసియేషన్ వారు బ్రిటిషు పార్లమెంటునకు ఒక విన్నపము పంపిరి. ఆ సంఘమును స్థాపించిన గాజుల లక్ష్మీనరసు శెట్టి తెలుగు వర్తకుడు. విన్నపమున చెప్పుకొన్న కష్టములలో మొహతర్ఫా ఒకటి. సాలెవాని మగ్గముపై, వడ్రంగి పనిముట్లపై, త్రోవప్రక్క గంప దించి అమ్ముకొనువాని సరకుపై పడు పన్ను అది. పనిముట్టు వెలకంటె దానిపై కట్టు పన్ను తరచుగా ఆరురెట్లు ఉండుచున్నదని వారు మొరపెట్టుకొనిరి.

ఈ మొర మన సీమకు దూరపుది కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడుటకు ముందు మదనపల్లె, వాయల్పాడు కడప జిల్లాలోను, చిత్తూరు, తిరుపతి ఉత్తరార్కాటు జిల్లాలోను ఉండెడివి. రెండును మదరాసు రాజధానిలోనివే. అంతకు మునుపు విజయనగర ప్రభువుల నాడును వృత్తిపన్నులు కలవు. సదాశివరాయల కాలమున, అళియ రామరాయలకు క్షౌరము చేసిన కొండోజు తన నైపుణ్యముతో ఆయనను మెప్పించి, మంగలివారి పన్నులను తొలగింపజేసెనని రాయలసీమ శాసనములు చెప్పుచున్నవి. తనకు మాన్యము కోరక తనవారికందరకు మినహాయింపు కోరిన ఆ మంగలికి మన పాఠ్యపుస్తకములలో నాలుగు పంక్తులైనను దక్కవలసినది.

కొండోజు పొందినది ప్రభువు అనుగ్రహము. నేటి స్వతంత్ర వృత్తిదారునకు ఉన్నది హక్కు. ఈ భేదమునకు మూలము 1860లో జేమ్స్ విల్సన్ ప్రవేశపెట్టిన ఆదాయపు పన్ను. మగ్గము ఉన్నదా యన్న ప్రశ్న పోయి, మగ్గమువలన ఎంత మిగిలినది యన్న ప్రశ్న వచ్చెను. మిగులు తెలియవలెనన్న ఖర్చు తీసివేయక తప్పదు. నాడు పన్నుకు గురియైన పనిముట్టే నేడు తరుగుదల పేరిట పన్నును తగ్గించుచున్నది.

తిరుపతి రైలుస్టేషనువద్ద సొంతకారుతో నిలుచు డ్రైవరునే చూతము. ఒకప్పుడు యాత్రికుని నోటిమాటతో కుదిరెడి బేరము నేడు ఫోనులోని యాప్ ద్వారా కుదురుచున్నది. ఇట్టివారినే నేడు గిగ్ కార్మికులనుచున్నారు. ఇతనికి నెలజీతము లేదు, యజమాని లేడు. పెట్రోలు, భీమా, మరమ్మతులు, కారు అప్పుపై వడ్డీ, యాప్ వారు పట్టుకొను కమీషను, ఇవన్నియు ఆదాయమునుండి తీసివేయదగిన ఖర్చులే. ఘాటురోడ్డు మలుపులలో అరిగిన టైర్లు, బ్రేకులు కూడ. అద్దెకు తిప్పు కారునకు ఏటేటా మిగిలిన విలువపై నూటికి 30 వంతున తరుగుదల కలదు. 9 లక్షల కారైనచో, ఏడాదిలో 180 దినములకు తగ్గక వాడినపుడు, మొదటియేట 2,70,000 రూపాయలు. అయితే యాత్రికులను కొండకు చేర్చిననాటి పెట్రోలే వృత్తిఖర్చు. కుటుంబముతో కాణిపాకము పోయిననాటిది కాదు. ఒక్కనాడు ఒక్కరికి నగదుగా 10,000 రూపాయలు మించి చెల్లించినచో ఆ ఖర్చును చట్టము ఒప్పుకొనదు.

శ్రీకాళహస్తి కలంకారీ పనివారి లెక్క చిత్రమైనది. కరక్కాయ, పాలు, పటిక, బెల్లము వారి ముడిసరకులు. తుప్పుపట్టిన ఇనుము బెల్లపునీటిలో ఊరి కసిమి యను నల్లరంగగును. ఆ బెల్లము పాయసమునకు కాదని చూపుటకు కొన్న చీటీయే ఆధారము. చీటీలు దాచలేని చిన్నవారికి చట్టము వేరొక త్రోవ చూపినది. 2 కోట్లలోపు అమ్మకము గల వ్యాపారి నూటికి 8 వంతులు, బ్యాంకు ద్వారా వచ్చిన సొమ్ముపై 6 వంతులు ఆదాయమని చూపవచ్చును. నిజముగా అంతకంటె మిగిలినచో ఆ మిగిలినదే చూపవలెను. మిగతది ఖర్చుక్రింద పోయినట్లే. మరల తరుగుదల అడుగరాదు.

వైద్యులు, న్యాయవాదులు, ఇంజనీర్లు మొదలగు కొన్ని వృత్తులవారికి 2016 నాటి సవరణ ఇట్టి సదుపాయమే కల్పించినది. 50 లక్షలలోపు రాబడిలో సగము ఆదాయము, సగము ఖర్చు. రాబడిలో నగదు నూటికి 5 మించనిచో పరిమితి 75 లక్షలు. 2026 ఏప్రిల్ 1 నుండి అమలగు క్రొత్త చట్టమున సెక్షనుల సంఖ్యలు మారినవి గాని ఈ సూత్రము మారలేదు.

అసలు నష్టము ఎక్కువమందికి కలుగుచోటు వేరు. తిరుపతిలో భవనముల నమూనాలు గీయు యువ ఆర్కిటెక్టు ఒకరు కంపెనీలనుండి ఏడాదికి 6 లక్షలు పొందెననుకొందము. సొమ్మిచ్చువారు ముందే నూటికి 10 వంతున 60,000 రూపాయలు కోసి ప్రభుత్వమునకు కట్టుదురు. కోత మొత్తము రాబడిపై. పన్ను మాత్రము మిగులుపై. సగము ఖర్చుక్రింద పోగా ఆదాయము 3 లక్షలు. 2025-26 నుండి క్రొత్త పద్ధతిలో 4 లక్షలవరకు పన్నే లేదు. కనుక ఆ 60,000 ఆతనివే. కాని రిటర్ను దాఖలు చేయనిదే రూపాయి తిరిగిరాదు. పన్ను కట్టువాడే రిటర్ను వేయవలెనన్న భ్రమ మన చదువుకొన్నవారిలో సైతము గట్టిగా నాటుకొనియున్నది. వాణిజ్యశాస్త్రము చదువని విద్యార్థికి ఈ సంగతి ఏ తరగతిలోను ఎవరును చెప్పరు. మొదటి కోతను చూచి, పన్ను కట్టితిని గదా యని ఊరకుండువారెందరో!

సాహిత్యవేత్తలకు ఈ చట్టమున ఒక వినోదము కలదు. సగము ఖర్చు సదుపాయము పొందు వృత్తుల జాబితాలో సినిమా కళాకారులు చేరిరి. ఆ మాటకు చెప్పిన అర్థమున పాటల రచయిత, కథారచయిత, సంభాషణల రచయిత ఉన్నారు. పద్యకావ్యము వ్రాసినవాడు లేడు. ఆతనికి వేరుగా, పాత పద్ధతిని ఎన్నుకొన్నచో, గ్రంథముల రాయల్టీపై 3 లక్షలవరకు తగ్గింపు కలదు. పాఠశాలల వాచకములకు, గైడులకు మాత్రము అది వర్తింపదు. వాచకములు వ్రాయు ఉపాధ్యాయులు తమ కాగితము, టైపు ఖర్చుల చీటీలను దాచుకొనవలసినదే.