విననేరని బిడ్డకు పాట

శిశువును, పశువును, పామును గూడ గానమునకు వశమగునని మన పెద్దలు చెప్పుదురు. అట్లయిన, బుద్ధివికాసము మందముగానున్న శిశువు మాట యేమి? చెవి సరిగా వినబడని శిశువు మాట యేమి? ఇట్టి బిడ్డ గల యింట "వీనికి పాట యెందులకు?" అని తల్లి జోలపాటయే మానివేయుట కలదు. సోదరీమణులారా! ఆ బిడ్డకు అంతకు మించిన నష్టము మరొకటి లేదు.

ఈ విషయమున మార్గదర్శకులైన వారిలో ఇద్దరు ముఖ్యులు. పాల్ నార్డాఫ్ అమెరికా దేశపు స్వరకర్త. క్లైవ్ రాబిన్స్ ఆంగ్లేయుడు, ఇట్టి పిల్లల కుపాధ్యాయుడు. వీరు 1959లో ఇంగ్లండునందలి సన్‌ఫీల్డ్ అను బాలల ఆశ్రమమున కలిసికొనిరి. వారి పద్ధతియందు ముందుగా పాట నేర్పుట లేదు. బిడ్డ డోలును ఎట్లు కొట్టిన నట్లే, ఎట్లు కూసిన నట్లే, తుద కేడ్చినను ఆ యేడుపునకే శ్రుతిలయలు కలిపి పియానోపై వాయింతురు. పిదప నాగి వేచియుందురు. తన ధ్వనికి బదులు వచ్చినదని గ్రహించిన బిడ్డ మరల కొట్టును. ఇట్లు మాటలు లేకయే సంభాషణము మొదలగును. వినుట, ఆగుట, వంతు నిచ్చుట క్రమముగా నలవడును.

రాబిన్స్, ఆయన భార్య కరోల్, 1970 తరువాతి దశాబ్దమున న్యూయార్కు రాష్ట్రమందలి బధిర పాఠశాలలో ఈ పని సాగించి, 1980లో దానినిగూర్చి గ్రంథము ప్రకటించిరి. చెవిటివారని మన మనువారిలో పెక్కుమందికి కొంత వినికిడి మిగిలియే యుండును. అదియునుగాక ధ్వని యనగా కంపనమే కదా! మద్దెలపై నుంచిన చేతికిని, నేలపై నున్న పాదమునకును అది తెలియును. స్కాట్లండు దేశీయురాలు ఎవెలిన్ గ్లెనీ 12 ఏండ్ల ప్రాయమునకే వినికిడి చాలవరకు కోల్పోయియు, తాళవాద్యములయందు జగద్విఖ్యాత యయ్యెను. కంపనము తెలియుటకై ఆమె పాదరక్షలు విడిచి వాయించును.

అయితే సంగీతము లోపమును పోగొట్టు మందు కాదు. వైద్యునికి బదులును కాదు. పిలిచిన పలుకని బిడ్డను మందమతి యని నిర్ణయింపకముందే చెవి పరీక్ష చేయింపవలయును. డౌన్ సిండ్రోమ్ గల పిల్లలలో ఈ రెండు లోపములును తరచుగా కలిసియుండును. మన సికిందరాబాదున 1984లో ఇట్టి పిల్లలకై జాతీయ సంస్థ యేర్పడినది. అచ్చట సలహా పొందవచ్చును.

ఇంట చేయదగినది కొంత గలదు. టెలివిజను, రేడియో కట్టివేయుడు. బిడ్డ కెదురుగా కూర్చుండి, వాని చేతిని మీ కంఠముపై నుంచి పాడుడు. స్నానమునకొక చిన్న పాట, భోజనమునకొక చిన్న పాట చొప్పున నిత్యము అదే పాడుడు. కడపటి మాట మాత్రము పాడక విడిచి, బిడ్డ ముఖము చూచుచు వేచియుండుడు. బిడ్డ చెవులు మూసికొనిన మెల్లగా పాడుడు, లేక మానుడు; బలవంతము తగదు. కన్నార్పిననో, వ్రేలు కదల్చిననో, దానిని బదులుగా గైకొని పాట ముగింపుడు. నెలలు పట్టవచ్చును. అంతవరకు పాట మానకుడు.