హస్తవాసి మాత్రమే చాలునా?

మనవారు మంచి వైద్యుని మెచ్చుకొనునపుడు 'ఆయన హస్తవాసి మంచిది' అనుట పరిపాటి. మందిచ్చు వైద్యునికన్న కత్తి పట్టు వైద్యునికి ఈ మాట మరింత పొసగునట్లు తోచును. నేను ఆపరేషను గదినుండి వెలుపలికి రాగానే రోగి బంధువులు అడుగు మొదటి ప్రశ్న 'ఆపరేషను బాగా జరిగిందా అండీ?' అనునదే. జరిగినదనగానే వారి ముఖములు వికసించును. సగముమంది ఊరికి ప్రయాణము కట్టుదురు. కాని కడుపులోని క్యాన్సరునకు చేయు శస్త్రచికిత్సలో రోగి బ్రతుకుటకును, బ్రతుకకపోవుటకును గల కారణములు ఆ గదితో ముగియవని ఇటీవలి పరిశోధనలు తేల్చుచున్నవి. వానినిగూర్చియే నేడు మీతో ముచ్చటింపదలచితిని.

1881 జనవరిలో వియన్నా నగరమున బిల్‌రోత్ అను శస్త్రవైద్యుడు ఒక స్త్రీ జీర్ణాశయములోని క్యాన్సరు భాగమును కోసివైచి, మిగిలిన భాగమును ప్రేగునకు కుట్టెను. ఆమె ఆపరేషనునుండి కోలుకొనెను; వ్యాధి తిరుగబెట్టుటచే కొన్ని నెలలకు మరణించెను. ఆనాటి ప్రశ్న ఒక్కటే: ఇట్టి పని మనుష్యునకు సాధ్యమా? నేటి ప్రశ్న వేరు. రోగమొకటే, ఆపరేషనొకటే, అయినను ఒక ఆసుపత్రిలోకన్న మరియొక ఆసుపత్రిలో ఎక్కువమంది ఏల పోవుచున్నారు?

అమెరికాలో బిర్క్‌మేయరును, ఆయన సహచరులును 1994 మొదలు 1999 వరకు ప్రభుత్వ ఆరోగ్యభీమా క్రింద వృద్ధులకు జరిగిన ఆపరేషనులను సుమారు 25 లక్షలు పరిశీలించి, 2002లో ఫలితములు ప్రకటించిరి. క్లోమమును కోయు ఆపరేషను సగటున ఏడాదికి ఒక్కటియైనను జరుగని ఆసుపత్రులలో నూటికి 16 మందికి పైగా మరణింపగా, ఏడాదికి 16కు మించి జరుగుచోట్ల నలుగురికి లోపుగనే మరణించిరి. అభ్యాసము కూసువిద్య యని మనవారన్న మాటకు ఇంతకన్న నిదర్శనమేల అని అనిపించును. నేనును కొంతకాలము అంతటితోనే తృప్తిపడితిని.

అయితే 2009లో ఘఫేరి మొదలగువారు ప్రకటించిన లెక్కలు మరింత లోతునకు పోయినవి. వారు 84,730 మంది రోగుల చరిత్రలు తీసికొని, మరణములనుబట్టి ఆసుపత్రులను ఐదు తరగతులుగా విభజించిరి. మరణములెక్కువగా నున్నచోట ఉపద్రవములు, అనగా ఆపరేషను తరువాత వచ్చు చిక్కులు, ఎక్కువగా నుండునని ఎవరైనను ఊహింతురు. అట్లు కాలేదు. మేలైన ఆసుపత్రులలో నూటికి సుమారు 25 మందికి, అధమమైనవానిలో 27 మందికి ఉపద్రవములు కలిగినవి. భేదమెంత స్వల్పమో చూడుడు! పెద్ద ఉపద్రవము కలిగినవారిలో మాత్రము మొదటి తరగతిలో నూటికి 12 లేక 13 మంది చనిపోగా, కడపటి తరగతిలో 21 మందికి పైగా చనిపోయిరి. ఆపద అందరికిని వచ్చినది. గట్టెక్కించుటలోనే తేడా వచ్చినది. ఇట్లు గట్టెక్కింపలేకపోవుటను ఒక కొలతగా 1992లోనే సిల్బరు అను వైద్యుడు ప్రతిపాదించియుండెను.

ఆపద ఎట్లు వచ్చునో కొంత వివరింతును. పెద్దప్రేగులో క్యాన్సరున్న తునుకను తీసివైచి రెండు కొసలను కుట్టుదుము. ఎంత నేర్పరి కుట్టినను, రక్తప్రసారము చాలకయో, రోగికి పోషణ తక్కువయో, పొగ త్రాగుడుచేతనో, కొందరిలో ఆ అతుకు విడును. సాధారణముగా ఇది ఆపరేషనునాడు తెలియదు. కొన్ని దినములకు బయటపడును. అప్పటికి రోగి లేచి కూర్చుండి, కాఫీ అడుగుచుండును కూడ. మొదట నాడి వడిగా కొట్టుకొనును, ఊపిరి వేగమగును, మూత్రము తగ్గును, పొట్ట ఉబ్బును, మనిషి అకారణముగా కలవరపడును. జ్వరము తరువాతనే రావచ్చును. రాత్రి విధిలోనున్న నర్సు దీనిని గుర్తించి డాక్టరును లేపి, ఆయన వచ్చి స్కాను తీయించి, గొట్టముద్వారా చీము తీసియో, మరల పొట్ట తెరచియో చికిత్స చేసినచో రోగి దక్కుటకు మంచి అవకాశము కలదు. 'తెల్లవారనిమ్ము' అనుకొన్నచో విషము రక్తమున వ్యాపించి మూత్రపిండములును, ఊపిరితిత్తులును చెడును. స్కాను యంత్రమును కొనుట డబ్బుతో కూడిన పని. రాత్రి రెండు గంటలకు దానిని నడుపు మనిషిని నిలుపుట అంతకన్న కష్టమైన పని.

ఈ విషయము మనకెంత ముఖ్యమో 2021లో లాన్సెటు పత్రికలో వెలువడిన ఒక పరిశోధన చూపినది. 82 దేశములలో, 428 ఆసుపత్రులలో, రొమ్ము, జీర్ణాశయ, పెద్దప్రేగు క్యాన్సరులకు శస్త్రచికిత్స పొందిన సుమారు 16 వేలమందిని దానిలో గమనించిరి. మన దేశము చేరిన తరగతిలో, అనగా తక్కువ ఆదాయము లేక దిగువ మధ్యమ ఆదాయముగల దేశములలో, ఆపరేషనైన నెలలోపల మరణించు అపాయము సంపన్నదేశములతో పోల్చగా జీర్ణాశయ క్యాన్సరున మూడింతలకును, పెద్దప్రేగు క్యాన్సరున నాలుగింతలకును మించియుండెను. మనవారు రోగము ముదిరిన పిదప వత్తురు గనుక ఇట్లగుచున్నదని మన వైద్యులు సాధారణముగా సమాధానము చెప్పుదురు. రోగము ముదురుట ఈ భేదములో స్వల్పభాగమునకే కారణమని ఆ పరిశోధకులు తేల్చిరి. ఆపరేషను తరువాతి సంరక్షణకు తగిన వసతులు లేనిచోట పెద్ద ఉపద్రవము కలిగిన ప్రతి నూర్గురిలో ఏడుగురు మొదలు పదిమంది వరకు అదనముగా మరణించుచున్నారు.

ఇది చక్కబడనిది కాదు. నెదర్లాండ్సులో క్లోమపు ఆపరేషనులు చేయు 17 ఆసుపత్రులు 2018, 2019 సంవత్సరములలో ఒక ప్రయోగము చేసినవి. 1,748 మంది రోగులపై జరిగిన ఈ ప్రయోగపు ఫలితములు 2022లో ప్రకటింపబడినవి. ప్రతిదినము రోగి లక్షణములను, రక్తపరీక్షలను ఒక క్రమము ప్రకారము సరిచూచి, ఎప్పుడు స్కాను తీయవలెనో, ఎప్పుడు గొట్టము వేయవలెనో ఆ క్రమమే హెచ్చరించునట్లు ఏర్పాటు గావించిరి. తీవ్రమైన రక్తస్రావము, అవయవముల వైఫల్యము, మరణము అను మూడింటిలో ఏదైన ఒకటి సంభవించినవారు నూటికి 14 నుండి 8కి తగ్గిరి. తొంబదిదినములలోని మరణములు 5 నుండి 3కు దిగినవి. ఆసుపత్రులవే; ఆపరేషనదే.

కాబట్టి మీ యింట ఎవరికైన ఇట్టి శస్త్రచికిత్స నిర్ణయమైనచో డాక్టరుగారి పేరుప్రతిష్ఠలతోపాటు మరికొన్ని సంగతులు కూడ విచారింపుడు. ఇక్కడ ఈ ఆపరేషను ఏడాదికి ఎన్ని జరుగుచున్నవి? రాత్రులందు పెద్ద డాక్టరు ఎంతసేపటిలో రాగలరు? అర్ధరాత్రి స్కాను తీయుదురా? ఇంటికి పంపిన పిమ్మట పొట్ట ఉబ్బినచో ఎవరికి ఫోను చేయవలెను? ఇట్లడుగుట మర్యాదకు లోపమని సంకోచింపనక్కరలేదు; నన్నడిగినవారిపై నాకెన్నడును కోపము రాలేదు. ఇక రోగి మంచము ప్రక్కన రాత్రి కూర్చుండు బంధువునకు ఆ లక్షణములను ముందే చెప్పియుంచుడు. రోగి ఆయాసపడుచున్నను, సంబంధములేని మాటలాడుచున్నను అతడు తెల్లవారువరకు ఆగక వెంటనే నర్సును పిలువవలెను.