ట్రాన్స్‌ఫార్మర్ ఎట్ల పనిచేస్తది?



పోయిన యాసంగిల మా ఊరి బావుల కాడి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయింది. కొత్తది వచ్చేదాకా నీళ్లు లేక వరి ఎండింది. అంతకు ముందు ఒకసారి ఫ్యూజు పోతే మా చిన్నాయిన తానే వెయ్యబోయిండు. చెయ్యి కాలింది, ప్రాణం దక్కింది. అందుకే సైన్సు సార్‌ను అడిగి తెలుసుకున్నది మీకు రాస్తున్నాను.

లక్సెట్టిపేటలో రోడ్డు పక్కన బుయ్ మని మోగే ఆ డబ్బాలో పలుచని ఇనుప రేకుల దిమ్మె, దాని మీద రెండు రకాల తీగచుట్టలు ఉంటాయి. ఒక చుట్టను ఇంకో చుట్టకు తీగతో కలపరు. మరి కరెంటు ఎట్ల దాటుతుంది? అయస్కాంతం ద్వారా! మన కరెంటు సెకనుకు 50 సార్లు అటూ ఇటూ ఊగుతుంది. దానితో ఇనుములోని అయస్కాంతశక్తి కూడా మారుతూ ఉంటుంది. ఆ మార్పే రెండో చుట్టలో వోల్టేజి పుట్టిస్తుంది. దీనిని మైకేల్ ఫారడే 1831లో కనుగొన్నాడు. బ్యాటరీ కరెంటు ఊగదు, అందుకని దానితో ఈ పని కాదు.

చుట్లు తగ్గితే వోల్టులు తగ్గుతాయి. 11,000 వోల్టుల వైపు 44 చుట్లకు ఇటువైపు 1 చుట్టు ఉంటే, 11,000ను 44తో భాగించండి. 250 వస్తుంది. మన బుగ్గ దాకా వచ్చేసరికి 230 అవుతుంది.

మొదటనే 230 పంపితే కాదా? కాదు. వోల్టులు 10 రెట్లు పెంచితే తీగలో కరెంటు 10వ వంతే పోతుంది, వేడి రూపంలో నష్టం 100వ వంతే అవుతుంది. అందుకే రామగుండం ఎన్టీపీసీ నుండి 4 లక్షల వోల్టులతో పంపి, దారిలో తగ్గించుకుంటూ వస్తారు.

డబ్బాలోని నూనె చుట్టలను చల్లగా ఉంచుతుంది, కరెంటు దూకకుండా ఆపుతుంది. మోయలేనన్ని మోటర్లు పెడితే చుట్టలు వేడెక్కి, వాటి మీది కాగితం మాడి కాలిపోతుంది. ఫ్యూజుకు బదులు మందం తీగ కడితే ఇంక ఆపేది ఏదీ ఉండదు.

ఇంకో ముఖ్య విషయం. ట్రాన్స్‌ఫార్మర్ ఉల్టా కూడా పనిచేస్తుంది! లైన్ బందు ఉన్నప్పుడు ఎవరి జనరేటర్ కరెంటో తప్పి లైన్లోకి పోతే, అటువైపు మళ్లీ 11,000 వోల్టులు అవుతుంది. కరెంటు లేదు గదా అని ముట్టవద్దు.

కాబట్టి సెలవులకు పోయినప్పుడు ఇంట్లో చెప్పండి: ఫ్యూజు పోతే లైన్‌మన్‌ను పిలువాలె, లేదా 1912కు ఫోన్ చెయ్యాలె. నేను చిన్నాయినకు చెప్పిన. "వరి మళ్ల ఏసుకోవచ్చు బిడ్డా" అన్నడు.

– 9వ తరగతి విద్యార్థి