రంధ్రం మూసుకుంటే రోగం పోయినట్టు కాదు

బస్టాండు గోడల మీదా, కరెంటు స్తంభాల మీదా, ఇప్పుడు ఫోన్లో తిరిగే వీడియోల్లోనూ ఒకటే పాట: ‘మొలలు, ఫిషర్, ఫిస్టులా... కోత లేదు, కుట్లు లేవు, ఒక్క సూదితో మాయం!’ మూడు వేర్వేరు జబ్బులకు ఒకే సూది ఏమిటని అడిగే నాథుడు లేడు. నమ్మి పొడిపించుకున్నవాళ్ళు ఒక రంధ్రం కాస్తా రెండు మూడయ్యాక సర్జన్ దగ్గర తేలుతున్నారు.

అపోహ: ఒక్క సూదితో ఫిస్టులా మాడిపోతుంది.

వాస్తవం: మలద్వారం లోపలి చిన్న గ్రంథికి ఇన్‌ఫెక్షన్ సోకి, చీముగడ్డ కట్టి, అది చర్మం దాకా దారి చేసుకుంటే ఫిస్టులా అవుతుంది. బయట కనిపించేది ఆ దారి చివర మాత్రమే. మొదలు లోపలుంది. ఇన్‌ఫెక్షన్ అక్కడి నుంచి వస్తూనే ఉంటుంది. సూదికో పసరుకో పైరంధ్రం కొన్నాళ్ళు మూసుకోవచ్చు. ‘చూశారా, తగ్గింది’ అని సూదివాడు డబ్బు పుచ్చుకునేది అప్పుడే. తర్వాత లోపల చీము చేరి, పోటు, జ్వరం మొదలై పక్కన ఇంకోచోట పగులుతుంది. గోడలో పైపు కారుతుంటే పైన సున్నం కొట్టే వైద్యమిది. కొన్ని రకాల మొలలకు ఇంజెక్షన్ చికిత్స ఉంది. దాన్ని ఫిస్టులాకు అంటగట్టడమే మోసం.

‘ఆపరేషన్ చేయించుకుంటే మలం ఆగదు’ అని భయపెట్టేదీ వీళ్ళే. పేరైనా చెప్పని ఘాటు మందు మలాన్ని పట్టి ఉంచే కండరాన్ని కాలిస్తే పట్టు తప్పదా మరి? సర్జన్ ముందుగా, అవసరమైతే ఎమ్మారై తీయించి, దారి ఎంత కండరం గుండా పోతోందో చూస్తారు. కొద్దిగానే అయితే దారిని తెరిచేస్తారు. ఎక్కువైతే ఒక్కసారిగా కోయరు. సీటన్ దారం వేసి చీము బయటికి పోనిస్తారు, లేదా కండరాన్ని కాపాడే లిఫ్ట్ వంటి పద్ధతి ఎంచుకుంటారు. లోపలి రంధ్రం ఎక్కడుందో చెప్పలేనివాడికి ఒళ్ళు అప్పగించకండి.

అపోహ: కుట్లు వేయలేదంటే ఆపరేషన్ సగంలో వదిలేసినట్టే.

వాస్తవం: కావాలనే వదిలారు. గాయం అడుగు నుంచి కండ పట్టుకుంటూ పైకి రావాలి. పైన ముందే మూసుకుంటే కింద చీము మిగులుతుంది. లోతును బట్టి ఇది కొన్ని వారాలు, ఒక్కోసారి రెండు మూడు నెలలు పడుతుంది. ఈలోగా పసుపు నీరు, కాస్త నెత్తురు మరక మామూలే.

అపోహ: ఆయుర్వేద దారం ఉండగా కోత దేనికి?

వాస్తవం: ఇందులో నిజం ఉందని ఒప్పుకోక తప్పదు. జెముడు పాలు, ఉత్తరేణి క్షారం, పసుపు పట్టించిన క్షారసూత్రాన్ని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కోతతో పోల్చి 1991లో ఫలితాలు ప్రకటించింది. మానడానికి దారంతో 8 వారాలు, కోతతో 4 వారాలు పట్టింది. తిరగబెట్టింది మాత్రం దారంతో 4 శాతం, కోతతో 11 శాతం. అయితే అది వారం వారం మార్చాల్సిన దారం, నొప్పీ ఉంటుంది. శిక్షణ పొందిన ఆయుర్వేద సర్జన్ వేయాలి తప్ప పైన చెప్పిన సూదివాడు కాదు.

మిగతా అపోహలు: ఫిస్టులా సుఖరోగమా? కాదు. వేడి చేసి వస్తుందా? రాదు. పప్పు తింటే చీము పడుతుందా? పడదు. పప్పు, గుడ్డు మానేసి చారన్నంతో సరిపెట్టుకుంటేనే గాయం మానడం ఆలస్యమవుతుంది.

ఆపరేషన్ అయ్యాక విరేచనమైన ప్రతిసారీ గోరువెచ్చని నీళ్ళ టబ్బులో 10-15 నిమిషాలు కూర్చోండి. నీళ్ళు, ఆకుకూరలు, డాక్టర్ చెబితే ఇసబ్గోల్ తీసుకోండి. ముక్కకండి. షుగర్ అదుపులో పెట్టండి, సిగరెట్ మానండి. సిగ్గుపడి డ్రెస్సింగ్ ఎగ్గొట్టకండి. జ్వరం వచ్చినా, మూత్రం బిగుసుకున్నా, నెత్తురు ఆగకపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. మళ్ళీ మళ్ళీ తిరగబెడుతుంటే, కోసి తీసిన ముక్కను టీబీ పరీక్షకు పంపారా అని అడగండి. టీబీ వల్ల వచ్చిన ఫిస్టులా టీబీ మందులు వాడకుండా ఉత్త కోతతో మానదు.