పడిన బండి స్టార్టు కాకపోతే దారిలో ఏమి చూసుకోవాలి?

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాలలో పాలు ఊరి నుంచి సేకరణ కేంద్రానికి చేరడంలో మోటారు సైకిళ్లకు, మోపెడ్లకు పెద్ద పాత్ర ఉన్నది. 2016లో ఈ పాత జిల్లాలు పలు జిల్లాలుగా విడిపోయినా దారులు అవే, తెల్లవారుజామున క్యాన్లు కట్టుకొని బయలుదేరే సభ్యులూ వారే. దేవరకొండ, మునుగోడు వైపు మొరం దారిలోనైనా, అచ్చంపేట, కల్వకుర్తి వైపు చెలకల మధ్య బాటలోనైనా బండి జారడం వింత కాదు. వరి కోతల కాలంలో రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, వాటి అంచున పెట్టి మరచిపోయిన రాళ్లు ఇందుకు తోడవుతాయి. 40 లీటర్ల పాల బరువే 41 కిలోలు దాటుతుంది. క్యాన్ల బరువు దానికి అదనం. ఇంత బరువు ఒక పక్కకు ఊగితే నెమ్మదిగా పోయే బండి కూడా ఒరుగుతుంది.

మనిషికి పెద్ద దెబ్బ తగలకపోయినా, బండి లేపి కిక్కు కొడితే ఒక్కొక్కసారి ఇంజను పలకదు. అప్పుడు కొందరు ఆగకుండా కిక్కు కొడతారు. కొందరు కార్బురేటరు విప్పడం మొదలుపెడతారు. రెండూ తొందరపాటు పనులే. పడడానికి ఒక్క నిమిషం ముందు వరకు ఆ ఇంజను బాగానే నడిచింది. కనుక ఇంజను చెడిందని అనుకునే ముందు, పడినప్పుడు ఏది కదిలింది, ఏది ఊడింది, ఏది వంగింది, పెట్రోలు ఎటు పోయింది అని వరుసగా చూడాలి. సభ్యులకు మేము చెప్పదలచిన ముఖ్య విషయం ఇదే.

ముందు మనిషి, తరువాత బండి

లేవగానే తాళం తిప్పి బండి ఆపాలి. పెట్రోలు ట్యాపు ఉన్న బండి అయితే దానిని మూయాలి. తలకు దెబ్బ తగిలినా, కళ్లు తిరిగినా, వాంతి వచ్చినా బండి సంగతి వదిలి 108కి ఫోను చేయాలి. అటువంటి స్థితిలో బండి స్టార్టు అయినా నడపరాదు. చౌటుప్పల్, చిట్యాల మీదుగా పోయే 65వ నంబరు జాతీయ రహదారి పైన, జడ్చర్ల, కొత్తకోట మీదుగా పోయే 44వ నంబరు రహదారి పైన వాహనాలు వేగంగా వస్తాయి. బండిని రోడ్డు దింపి పక్కకు తీసిన తరువాతనే పరీక్షించాలి. పెట్రోలు వాసన వస్తున్నంతసేపు దగ్గరలో ఎవరినీ బీడీ, అగ్గిపుల్ల వెలిగించనీయరాదు.

పాలు ఆగవు

క్యాన్లు దింపి చెట్టు నీడన పెట్టి, తడి గోనె సంచి కప్పాలి. పిండిన పాల వేడిలో సూక్ష్మజీవులు 20, 30 నిమిషాలకోసారి రెట్టింపు కాగలవు. అరగంటకు ఒకసారి అని లెక్క వేసుకున్నా రెండు గంటలలో అవి 16 రెట్లు అవుతాయి. కాబట్టి బండికి 10 నిమిషాల కంటే ఎక్కువ సమయం ఇవ్వరాదు. అంతలో స్టార్టు కాకపోతే ఆ దారిన వచ్చే ఆటోలోనో, తోటి సభ్యుని బండి మీదనో పాలు పంపివేయాలి. బండి మధ్యాహ్నమైనా బాగవుతుంది. మూత ఊడి మట్టి పడిన క్యాను పాలను మంచి పాలలో కలుపరాదు. ఒక్క క్యాను మూలంగా ట్యాంకు పాలన్నీ చెడితే ఆ నష్టం ఊరందరిదీ.

మొదట స్విచ్చులు

హ్యాండిలు కుడివైపున ఇంజను ఆపే ఎర్ర స్విచ్చు చాలా బండ్లకు ఉంటుంది. పడినప్పుడు చేయి తగిలి అది ఆఫ్ కావడం తరచు జరిగేదే. ముందుగా దానిని చూడాలి. తరువాత గేరు న్యూట్రల్‌లో ఉన్నదో లేదో చూడాలి. గేరులో ఉంటే చాలా బండ్లకు క్లచ్చు పట్టనిదే సెల్ఫు పనిచేయదు. కొన్ని కొత్త బండ్లలో సైడు స్టాండు దించి ఉంటే ఇంజను స్టార్టు కాదు.

2020 ఏప్రిల్ 1 నుంచి బి.ఎస్. 6 నిబంధనలు వచ్చిన తరువాత తయారైన బండ్లలో చాలావాటికి కార్బురేటరు లేదు, ఇంజెక్షన్ పద్ధతి ఉన్నది. వీటిలో కొన్నిటికి బండి ఒరిగితే ఇంజనును ఆపివేసే పరికరం ఉంటుంది. బండిని నిటారుగా నిలిపి, తాళం ఆఫ్ చేసి, కొన్ని సెకన్లు ఆగి మళ్లీ ఆన్ చేయాలి. అప్పుడు పెట్రోలు పంపు రెండు మూడు సెకన్లు సన్నగా గుయ్‌మని మోగుతుంది. ఆ చప్పుడు వినిపించకపోతే కరెంటు అందడం లేదని అనుమానించాలి.

మీటరు దీపాలు అసలు వెలగకపోతే బ్యాటరీ తీగలు వదులైనవేమో, ఫ్యూజు కాలినదేమో చూడాలి. ఫ్యూజు మార్చవలసి వస్తే అదే కొలతది వేయాలి. దాని స్థానంలో రాగి తీగ చుట్టరాదు. వైరింగు కాలిపోయే ప్రమాదం ఉన్నది.

తరువాత పెట్రోలు

కార్బురేటరు బండి పక్కకు పడుకొని ఉంటే పెట్రోలు ఎక్కువై ఇంజనులోకి దిగుతుంది. ప్లగ్గు తడుస్తుంది. ఇక ఎంత కిక్కు కొట్టినా మంట పుట్టదు. చోకు లాగితే ఇంకా తడుస్తుంది. కనుక పెట్రోలు ట్యాపు మూసి, చోకు తీసివేసి, ఎక్సలేటరు పూర్తిగా తిప్పి పట్టుకొని ఎనిమిది పది సార్లు కిక్కు కొట్టాలి. ఇంజను పలకగానే ఎక్సలేటరు వదిలి, ట్యాపు తెరవాలి. పలకకపోతే ఐదు నిమిషాలు ఆగి మళ్లీ ప్రయత్నించాలి. ప్లగ్గు విప్పే పానా దగ్గర ఉంటే ప్లగ్గు తీసి పొడి గుడ్డతో తుడిచి బిగించవచ్చు.

దీనికి భిన్నంగా పెట్రోలు అందకపోవడం కూడా ఉంటుంది. పడినప్పుడు మూత నుంచి కారి ట్యాంకు ఖాళీ అయినదేమో మూత తీసి చూడాలి. పెట్రోలు పైపు ఊడినదా, మడత పడినదా చూడాలి. ట్యాంకు మూతకు గాలి పోయే సన్నని రంధ్రం ఉంటుంది. అందులో మట్టి చేరితే ఇంజను స్టార్టు అయి కొద్ది దూరం పోయి ఆగిపోతుంది. నల్లరేగడిలోనో, పొలం గట్టు పక్కనో పడిన బండికి సైలెన్సరు గొట్టంలో బురద దిగబడి ఉండవచ్చు. పొగ బయటకు పోయే దారి లేకపోతే ఇంజను పలకదు. పుల్లతో ఆ బురద తీయాలి.

ఆ తరువాత ప్లగ్గు క్యాపు

ప్లగ్గు పైన రబ్బరు క్యాపు ఊడి, పైకి మాత్రం పెట్టినట్టే కనిపించవచ్చు. చేతితో గట్టిగా నొక్కి చూడాలి. దాని తీగ తెగినదేమో గమనించాలి. తాళం ఆన్‌లో ఉండగా క్యాపును ముట్టుకోరాదు. ప్లగ్గు బయటకు తీసి నిప్పురవ్వ పరీక్షించడం మెకానిక్కులకు అలవాటే గాని, పెట్రోలు కారిన బండి దగ్గర దారిలో ఆ పని చేయరాదు. ఒక్క రవ్వ చాలు మంట లేవడానికి.

ఎప్పుడు ప్రయత్నం మానాలి?

ఇంజను కింద నూనె కారుతుంటే స్టార్టు చేయరాదు. బ్రేకు పెడలు, గేరు రాడ్ లోపలికి వంగి ఇంజను కవరును పగులగొట్టడం కద్దు. నూనె లేకుండా నడిపితే చిన్న ఖర్చు పెద్ద ఖర్చు అవుతుంది. కిక్కు రాడ్ కదలక బిగుసుకుంటే కాలితో బలంగా తన్నరాదు, బండిని తోసి స్టార్టు చేయరాదు. లోపల పెట్రోలు నిండి ఉండవచ్చు. బలవంతం చేస్తే లోపలి రాడ్ వంగుతుంది. ఎక్సలేటరు తిప్పి వదిలినప్పుడు తిరిగి వెనుకకు రాకపోతే అసలే స్టార్టు చేయరాదు. బండి ఒక్కసారిగా దూకుతుంది.

మెకానిక్కు వద్దకు తీసుకుపోయినప్పుడు బండి ఏ పక్కకు పడినది, ఎంతసేపు పడి ఉన్నది, దీపాలు వెలుగుతున్నవా, ఇంతవరకు ఏమేమి చూశారు అన్న నాలుగు విషయాలు చెప్పాలి. పని త్వరగా అవుతుంది, అనవసరమైన సామాను మార్చే ఖర్చు తప్పుతుంది.

స్టార్టు అయిన తరువాత

వెంటనే క్యాన్లు ఎత్తరాదు. ఖాళీ బండి నాలుగు అడుగులు నడిపి రెండు బ్రేకులూ పట్టి చూడాలి. హ్యాండిలు రెండు వైపులకూ తిరుగుతున్నదా, చక్రం నేరుగా ఉన్నదా, చైను వదులైనదా చూడాలి. క్యాన్లు తగిలించే కొక్కేలు, పట్టీలు సరిచేసి, రెండు పక్కలా సమానమైన బరువు ఉండేటట్లు కట్టాలి. హెల్మెట్‌కు గట్టి దెబ్బ తగిలి ఉంటే పైకి బాగున్నా దానిని మార్చాలి.

ప్రతి బండిలో ప్లగ్గు పానా, ఒక ఫ్యూజు, పొడి గుడ్డ, గోనె సంచి ఉంచుకోవడం మంచిది. సంఘ కార్యదర్శులు దగ్గరలోని ఒక మెకానిక్కు, ఒక ఆటో యజమాని ఫోను నంబర్లను పాలు పోసే చోట గోడ మీద రాయించి, ఈ సూచనలను వచ్చే సమావేశంలో చదివి వినిపించవలసిందిగా కోరుతున్నాము.