మోషన్ కావట్లేదని మరో డోసు ఇస్తున్నారా?

ఊరి నుంచి అమ్మానాన్నలు గచ్చిబౌలికో, కొండాపూర్‌కో పిల్లల దగ్గరికి వస్తారు. నీళ్లు మారతాయి. తిండి వేళలు మారతాయి. నడక ఫ్లాట్‌లో నాలుగడుగులకు తగ్గిపోతుంది. వారం తిరక్కుండానే ‘మోషన్ సరిగా కావట్లేదు’ అంటారు. మీరు ఆఫీసు నుంచే ఫోన్‌లో విరేచనాల మందు ఆర్డర్ పెట్టేస్తారు. చాలామందికి దీంతో ఇబ్బందేమీ ఉండదు. కానీ కిడ్నీలు బలహీనంగా ఉన్నవారికి అదే ప్రాణం మీదికి తేవచ్చు.

ఏం జరుగుతుంది?

మిల్క్ ఆఫ్ మెగ్నీషియా వంటి మందులు పేగుల్లోకి నీటిని లాగి విరేచనం అయ్యేలా చేస్తాయి. కొంత మెగ్నీషియం రక్తంలోకీ చేరుతుంది. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీలు దాన్ని మూత్రంతో పంపేస్తాయి. దెబ్బతిన్న కిడ్నీలు పంపలేవు. పైగా మోషన్ కాకపోతే మందు పేగుల్లోనే నిలిచిపోయి, మెగ్నీషియం ఇంకా ఎక్కువగా రక్తంలో కలుస్తుంది. అందుకే ‘పనిచేయలేదు, మరో రెండు మూతలు వేద్దాం’ అనుకోవటమే అన్నిటికన్నా ప్రమాదం.

జపాన్‌లో మలబద్ధకానికి మెగ్నీషియం ఆక్సైడ్ వాడకం ఎక్కువ. మరణాలూ నమోదు కావటంతో అక్కడి ఆరోగ్యశాఖ 2008లో హెచ్చరించింది. కిడ్నీలు బాగున్న వృద్ధుల్లోనూ సమస్య కనిపించటంతో 2015లో జాగ్రత్తలను మరింత కట్టుదిట్టం చేసింది.

వీటిని వయసు ఖాతాలో వేయొద్దు

వికారం, ముఖం ఎర్రబారటం, కాళ్లూచేతుల్లో సత్తువ లేకపోవటం, విపరీతమైన మగత, బీపీ పడిపోవటం, నాడి నెమ్మదించటం.. ఇవన్నీ మెగ్నీషియం పెరిగిందనటానికి సంకేతాలు కావచ్చు. ముదిరితే శ్వాస, గుండె ఆగిపోయే ప్రమాదముంది. మందు ఆపేసి, వెంటనే 108కి ఫోన్ చేయండి. వాడిన సీసాను ఆసుపత్రికి తీసుకెళ్లండి. మామూలు ఎలక్ట్రోలైట్ల పరీక్షలో సాధారణంగా మెగ్నీషియం ఉండదు కాబట్టి ఈ మందు వాడిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి. అవసరమైతే క్యాల్షియం ఇంజెక్షన్, డయాలసిస్‌తో కాపాడొచ్చు.

కొనే ముందు..

* లేబుల్ మీద మెగ్నీషియం ఉందేమో చూడండి. చాలా గ్యాస్ సిరప్‌లలోనూ ఇది ఉంటుంది. నిద్ర కోసం మీరు వేసుకునే మెగ్నీషియం మాత్రలు పెద్దలకు ఇవ్వొద్దు.
* కిడ్నీ జబ్బు, దీర్ఘకాలంగా మధుమేహం ఉంటే డాక్టరును అడగందే వాడొద్దు. బక్కపలచని వృద్ధుల్లో క్రియాటినిన్ మామూలుగా కనిపించినా కిడ్నీల పనితీరు తగ్గి ఉండొచ్చు.
* ఐరన్, క్యాల్షియం మాత్రలు, కొన్ని నొప్పి మందులతోనూ మలబద్ధకం రావొచ్చు. వాడుతున్న మందులన్నీ డాక్టరుకు చూపించండి. లాక్టులోజ్ వంటి ప్రత్యామ్నాయాలున్నాయి.
* కడుపు ఉబ్బరం, నొప్పి, వాంతులు ఉంటే ఏ విరేచనాల మందూ ఇవ్వొద్దు. పేగుల్లో అడ్డంకి ఉండొచ్చు.

ఈసారి నాన్న ‘మోషన్ కాలేదు’ అంటే ఆర్డర్ పెట్టే ముందు ఆయన చివరి కిడ్నీ రిపోర్టు ఒకసారి తీసి చూడండి.